మూడు రోజుల్లో ఒక రాజధాని

ప్రయాణం తలపెట్టినవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేసుకుంటారు. ఎన్ని రోజులు? ఎంత ఖర్చు? మూడవ ప్రశ్న ఒకటున్నది. దానిని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి? వంటలో వలెనే ప్రయాణంలో కూడా రుచి చాలావరకు వరుసను బట్టి ఉంటుంది. నూనె కాగకముందే ఆవాలు వేస్తే అదే నూనె, అవే ఆవాలు; పోపు మాత్రం కాదు.

ఈ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళకు విదేశయాత్ర వింత కాదు. పిల్లలు పరదేశంలో ఉద్యోగం చేస్తుంటే తల్లిదండ్రులు చూడబోయి, పనిలో పనిగా లిస్బన్ వంటి సముద్రతీర రాజధానిలో నాలుగు రోజులుండి వస్తున్నారు. వారు వేసుకునే ప్రణాళిక ముచ్చటగా ఉంటుంది. రాజధానిలో బస, ఒకనాడు రైలెక్కి కొండమీద కోట ఉన్న సింట్రాకు, ఒకనాడు సముద్రపుటొడ్డు ఊరికి, చీకటి పడేసరికి మళ్ళీ బసకు. మన గడపకు దగ్గరలోనే ఉన్న ఒక రాజధానికి ఇదే పద్ధతిని వర్తింపజేస్తే ఎట్లా ఉంటుంది? సముద్రం ఒక్కటే లేదు. సముద్రం మాట అటుంచి, వానకే ముఖం వాచిన సీమ అది. తక్కినవన్నీ ఉన్నాయి: కోట, కొండ, దేవళాలు, దర్గా, పట్టుమగ్గాలు, చుట్టూ ఒకే రైలుదారిమీద ఊళ్ళు.

ఆ రాజధాని పెనుకొండ.

ముందుగా ఒక మాట. పెనుగొండ అనగానే కోస్తావారికి కన్యకాపరమేశ్వరి వెలసిన గోదావరి మండలపు పెనుగొండ జ్ఞాపకం వస్తుంది. అది వేరు, ఇది వేరు. మనం మాట్లాడుకుంటున్నది రాయలసీమలోని పెనుకొండ. చిరకాలం అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. సంస్కృత పండితులు దీనిని ఘనగిరి అన్నారు. దక్షిణాన హిందూపురం, ఉత్తరాన ధర్మవరం, నడుమ పెనుకొండ. మూడూ బెంగుళూరు రైలుమార్గం మీదివే.

ఎక్కడ దిగాలి?

బెంగుళూరునుంచి వచ్చేవారికి హిందూపురం ముందు తగులుతుంది, దూరం సుమారు వంద కిలోమీటర్లు. హైదరాబాదునుంచి వచ్చేవారికి ధర్మవరం ముందు తగులుతుంది. తిరుపతివైపునుంచి పాకాల, కదిరి మీదుగా వచ్చే రైలు కూడా ధర్మవరానికే చేరుతుంది. అయినా ఎటునుంచి వచ్చినా సరే, మొదట హిందూపురంలో దిగండి. రెండు రాత్రులు అక్కడే బస చేసి, మూడవ రాత్రికి ధర్మవరం చేరండి. ఈ వరుసకు కారణం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

హిందూపురం చూడవలసిన ఊరు అనడంకంటే ఉండవలసిన ఊరు అనడం మేలు. పద్దెనిమిదవ శతాబ్దంలో గుత్తి మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేర ఈ ఊరు కట్టించినాడని చెబుతారు. బెల్లం, చింతపండు, మిరపకాయలు, పట్టుగూళ్ళు ఇక్కడి వ్యాపారం. పట్టుగూళ్ళ అంగడి ఒక్కసారి చూడండి. తెల్లగా, పసుపుగా గుట్టలు పోసిన ఆ గూళ్ళే పట్టుదారమై మగ్గమెక్కుతాయి. ఆ మగ్గాలను మీరు మూడవనాడు ధర్మవరంలో చూస్తారు. బజారులో తెలుగు, కన్నడం ఒకే నోట వినబడతాయి. ఒక దుకాణదారు తెలుగులో బేరం మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. డబ్బును రెండింటిలోనూ ‘దుడ్డు’ అనే అంటాడు. ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జి, మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి, పిల్లలకు ఓళిగలు. కోస్తా నాలుకకు కొత్తగా ఉన్నా రెండవ పూటకు అలవాటవుతుంది.

మొదటి రోజు: లేపాక్షి

హిందూపురానికి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి. బెంగుళూరునుంచి కార్లలో వచ్చి, రెండు గంటలు చూచి, భోజనం వేళకు తిరిగిపోయేవారే ఎక్కువ. వారు నందిని చూస్తారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, వెళతారు. నంది చూడదగినదే. ఒకే రాతిలో మలచినది, పదిహేను అడుగుల ఎత్తు, ఇరవైయేడు అడుగుల పొడవు. గుడికి ఒక ఫర్లాంగు దూరంలో కూర్చుని, ఇప్పుడో ఇంకాసేపటికో లేస్తాననే భంగిమలో మెడ ఎత్తి ఉంటుంది. కాని దానితో లేపాక్షి అయిపోలేదు.

వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో, అనగా 1529–1542 నడుమ, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కూర్మశైలం మీద కట్టించారు. విజయనగర సామ్రాజ్యం పచ్చగా ఉన్న రోజులవి. ఆ పచ్చదనం కనబడేది ముఖమండపం కప్పుమీద. తల పైకెత్తండి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, వటపత్రశాయి — కావి, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగులలో కప్పంతా పరచుకొని ఉన్నాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూడవలసినవి అవి. దేవతలను చూచిన తరువాత వారి బట్టలు చూడండి. పొడవైన కుళ్ళాయిలు పెట్టుకున్న పురుషులు, అంచులు తీర్చి పట్టుచీరలు కట్టుకున్న స్త్రీలు. ఏ చీరకు ఏ అంచు, ఏ గళ్ళు, ఏ పువ్వు? ఆడవారికి ఈ పని చెప్పనక్కరలేదు. మగపిల్లలకు మాత్రం కాగితం, పెన్సిలు ఇచ్చి, కనీసం ఐదు అంచులైనా గీయమనండి. లతామండపం స్తంభాలమీద కూడా ఒకదానిని పోలనిది ఒకటిగా అల్లికలున్నాయి. ఆ కాగితాలు జాగ్రత్తగా దాచండి, మూడవనాడు పనికివస్తాయి.

ఏడుపడగల నాగలింగానికి వెనుకగా వెళితే అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం కనిపిస్తుంది. బొక్కసం సొమ్ము రాజుకు చెప్పకుండా గుడికి ఖర్చుచేసినందుకు కళ్ళు తీయించమని ఆజ్ఞ వస్తే, విరూపణ్ణ తానే కళ్ళు పెరికి గోడకు విసిరినాడని, ఆ మరకలు ఇవేనని చూపిస్తారు. కథను కథగా వినండి. సగంలో ఆగిన ఆ మండపం మాత్రం కథ కాదు. పైకప్పు లేకుండా ఎండకు నిలబడిన ఆ స్తంభాలను చూస్తుంటే, పనివాళ్ళు సంచి సర్దుకుని ఇప్పుడే వెళ్ళినట్లుంటుంది.

యునెస్కో తాత్కాలిక జాబితాలో 2022లో ఈ గుడికీ నందికీ చోటు దొరికినది. జనం పెరుగుతున్నారు. సెలవుదినాలు తప్పించి, పొద్దున్నే వెళ్ళండి.

రెండవ రోజు: పెనుకొండ

ఉన్న మూడు రోజులలో మంచి రోజును, అనగా ప్రయాణపు అలసట తీరి, తిరుగు ప్రయాణపు తొందర ఇంకా మొదలుకాని రోజును, పెనుకొండకు కేటాయించండి. ఇదే నా మనవి. ఎందుకంటే ఈ ఊరు చూడగానే మెప్పించేది కాదు. ఎదుట నిలబడి, ఇక్కడ ఏం జరిగినదో కొంచెం తలచుకుంటే గాని నోరు విప్పదు.

పెనుకొండ ఒక్కరోజులో రాజధాని కాలేదు. బుక్కరాయల కుమారుడు వీరవిరూపణ్ణ ఇక్కడ పాలకుడుగా ఉండి కోట కట్టించినట్లు 1354 నాటి శాసనమున్నది. నరసనాయకుడు బాలరాజైన ఇమ్మడి నరసింహుని ఉంచినది ఈ కోటలోనే. తిమ్మరుసును బంధించిన చోటని ఒక కట్టడాన్ని ఈనాటికీ చూపిస్తారు. అంటే హంపీకి వెలుగు, పెనుకొండకు నీడ. రాజ్యంలో దాచవలసినవన్నీ ఇక్కడ దాచేవారు.

1565 జనవరి 23న రక్కసతంగడి యుద్ధం జరిగినది. అళియరామరాయలు రణరంగంలో హతుడైనాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు నామమాత్రపు చక్రవర్తి సదాశివరాయలను వెంటబెట్టుకొని, దొరికినంత ధనం ఏనుగులకెత్తించి, విజయనగరం విడిచి వచ్చినాడు. పాఠ్యపుస్తకాలలో విజయనగర చరిత్ర చాలామందికి ఇక్కడితో ముగుస్తుంది. పిల్లలు ‘సామ్రాజ్యం పతనమైనది’ అని రాసి, కింద గీత గీస్తారు. గీతకు దిగువన ఉన్నదే పెనుకొండ.

సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు 1567లో విజయనగరంలో ఉన్నాడు. రాజు పరివారంతో ఎనిమిది రోజుల ప్రయాణదూరంలో ఉన్న పెనుకొండ దుర్గానికి వెళ్ళిపోయినాడని అతడు రాసిపెట్టినాడు. తిరుమలరాయలు పాత రాజధానిని మళ్ళీ నిలబెట్టాలని చూసిన సంగతి కూడా చెప్పినాడు. యుద్ధంలో పోయిన గుర్రాలు, తన ముద్ర ఉన్నవైనా సరే, తెస్తే వెల ఇస్తానని రాయలు గోవా వర్తకులకు చాటించినాడట. వారు తెచ్చినారు. గుర్రాలు చేతికందగానే పైసా ఇవ్వకుండా పంపించివేసినాడట! విజయనగరంతో గుర్రాల బేరం మీద బాగా గడించిన పోర్చుగీసువారికి ఆ సామ్రాజ్యం కూలడంతో పెద్ద దెబ్బ తగిలినది. లిస్బన్ వీధులలో తిరిగివచ్చినవారు ఈ ముడిని ఒకసారి జ్ఞాపకం చేసుకోవచ్చును. ఆ ఊరి సిరిలో కొంత మన గుర్రపుశాలలనుంచి వెళ్ళినదే.

అటువంటి రాజు, చేయి ఖాళీ అయి, మాటకు విలువ తగ్గి, కొండకింద మళ్ళీ కొలువు తీర్చినాడు. 1570 ప్రాంతంలో తానే పట్టాభిషిక్తుడైనాడు. అరవీటి వంశం మొదలైనది. ముగ్గురు కుమారులకు మూడు సీమలు పంచినాడు: తెలుగునేల పెనుకొండనుంచి శ్రీరంగరాయలకు, కన్నడనేల శ్రీరంగపట్టణంనుంచి రామరాయలకు, తమిళనేల చంద్రగిరినుంచి వేంకటపతికి. తెలుగు చెప్పుకుని బ్రతుకుతున్నవాణ్ణి గనుక ఇంకొక సంగతి చెప్పక తప్పదు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. శ్లేషకూ సంగీతానికీ తెలుగులో ఇంకొకటి సాటిరాదని పండితులు మురిసిపోయే ప్రబంధం ఓడిపోయిన రాజుకు అంకితమైనది. ఓటమి తరువాత ఒక జాతి ఏం చేసినదని ఎవరైనా అడిగితే, పెనుకొండను చూపి ఈ జవాబు చెప్పవచ్చును.

ఇక చూడవలసినవి. ఎండ ఎక్కకముందే కొండ ఎక్కండి. కొండ సముద్రమట్టానికి సుమారు మూడువేల అడుగుల ఎత్తున ఉన్నది. పైన నరసింహస్వామి గుడి, శిథిలమైన కట్టడాలు, బురుజులు ఉన్నాయి. నీళ్ళు, టోపీ తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు కిందనే ఉండిపోవడం మంచిది. వారికి నష్టమేమీ లేదు, ఊరిలోని విశేషాలు చాలావరకు కొండ దిగువనే ఉన్నాయి.

వాటిలో మొదటిది గగనమహలు. రెండంతస్తుల రాజభవనం. కమానులు సుల్తానుల పద్ధతివి, పైన శిఖరం మన గుళ్ళ పద్ధతిది. ఎవరితో పోరాడి ఓడినారో వారి కమానులనే తమ ఇంటికి పెట్టుకున్నారు. పగ వేరు, పనితనం వేరు అని ఆనాటివారికి తెలుసును. పక్కపక్కనే నిలిచిన రామాలయం, ఈశ్వరాలయం చూడండి. గోడలమీద రామాయణ, శైవగాథలు ఓపికగా చెక్కి ఉన్నాయి. పచ్చరాతి పార్శ్వనాథుని బసది ఉన్నది. బాబయ్య దర్గా ఉన్నది. తిరుచిరాపల్లి నత్తర్‌వలీ శిష్యుడైన బాబా ఫక్రుద్దీన్ ఇక్కడ స్థిరపడినాడని చెబుతారు. ఉరుసుకు అన్ని మతాలవారూ వస్తారు. ఎర్రమంచి ద్వారం దగ్గర పెద్ద ఆంజనేయస్వామి విగ్రహాన్ని మరచిపోకండి. భవనాలు తెరిచి ఉండే వేళలు ముందే విచారించుకోండి.

ఈ వీధులలోనే పెరిగినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990). చిన్నవయసులోనే ఆయన ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాసినారు. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైనది. ఒక పిల్లవాడు ఈ పడిపోయిన గోడల నడుమ ఆడుకుంటూ పెరిగి, వాటిని చూచి కంటతడి పెట్టి, కావ్యం కట్టినాడు. మనం పిల్లలను తీసుకువెళ్ళడానికి అంతకంటే కారణం ఏం కావాలి?

ఊరికి దాపునే ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. కోట ద్వారానికీ, కార్ల కొలిమికీ ఒకటే పేరు. ఆ గేటు ముందు ఉదయం బస్సులు దిగే కుర్రవాళ్ళలో మగ్గం గుంట విడిచి వచ్చినవారు కూడా ఉన్నారు. ఈ మాట మూడవ రోజుకు అవసరమవుతుంది.

మూడవ రోజు: ధర్మవరం

చిత్రావతి ఒడ్డున ధర్మవరం. క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ఈ ఊరు వెలయించినాడని ప్రతీతి. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టినది ఇక్కడే. కాని లోకానికి ధర్మవరం అంటే పట్టుచీర. పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు వేసి నేస్తే కట్టుకున్నవారు కదిలినప్పుడల్లా రంగు మారినట్లుండడం, వెడల్పైన జరీ అంచు, నిండైన కొంగు దీని గుర్తులు. భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

కొట్టులో చీరలు చూడకముందే ఒక మగ్గం చూడండి. బంధువుల ఇంట పెళ్ళికి చీరలు కొనే పనిమీద వెళ్ళినప్పుడు ఒక చేనేత ఇంటి గడపలో నిలబడితే, లోపలనుంచి పెద్దాయన అడిగినాడు:

“ఏం సార్, చీర కొనేకొచ్చినారా, మగ్గం చూసేకొచ్చినారా?”

“రెండూనయ్యా. ముందు మగ్గం చూపించు.”

“చూడండి సార్, చూసేకి దుడ్లేమీ ఇయ్యాల్సిన పన్లేదు. చెప్పు ఆడ ఇడిసి రాండి.”

ఆయన కాళ్ళు గుంటలో, చేతులు నాడె మీద. పైన జకార్డు పెట్టెలో అట్టలు టకటకమని తిరుగుతున్నాయి. భార్య పక్కన కండెలు చుడుతున్నది. ఈ చీరకు ఎన్నాళ్ళు పడుతుందని అడిగినాను.

“పది దినాలు సార్, ఇద్దరూ కూచుంటే. కరెంటు మగ్గంలో ఇట్లాంటిదే ఒక్క దినంలో దిగుతాది. అంగట్లో పక్కపక్కనే పెడతారు. మీకు తెలుస్తాదా?”

“నీకు తెలుస్తుందా?”

“చెయ్యి పెడితే తెలుస్తాది సార్. కొనేవాళ్ళంతా చెయ్యి పెట్టరు, రేటు చూస్తారు.”

కొడుకు ఏం చేస్తున్నాడని అడిగితే, కార్ల కంపెనీకి పోతున్నాడని చెప్పి, “నెలకింత అని వస్తాది సార్, మేలే” అని మళ్ళీ నాడె విసిరినాడు. ఆ గొంతులో దుఃఖమూ లేదు, సంతోషమూ లేదు.

చీరతో సహా కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించడానికి 1985లో పార్లమెంటు చట్టం చేసినది. చట్టం ఉన్నది, మరమగ్గపు చీరలూ ఉన్నాయి. పట్టుదారం ధర ఎక్కి, కూలి ఎక్కక, అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ళ వార్తలు ఈ ఊరినుంచి ఎన్నోసార్లు పత్రికలకెక్కినాయి. పండుగ ప్రయాణంలో ఈ మాట ఎందుకు అనవచ్చును. ఆ చీర కట్టుకోబోయేది మన ఇంటి ఆడపడుచే గనుక అంటున్నాను. కొనేటప్పుడు సిల్క్‌మార్కు, చేనేత గుర్తు అడగండి. చీర తిరగవేసి చూడండి. వీలైతే మగ్గం దగ్గరనో సహకార సంఘంలోనో కొనండి. ఒక్కటే చీర కొనండి, నిజమైనది కొనండి.

ఇప్పుడు లేపాక్షిలో పిల్లలు గీసిన కాగితాలు బయటికి తీయండి. గీతలకూ మగ్గంమీది అంచుకూ పోలిక వెదకమనండి. దాదాపు అయిదువందల ఏళ్ళ కిందట కప్పుమీద కనిపించిన గళ్ళూ పువ్వులూ మగ్గంమీద మళ్ళీ కనిపిస్తే, రాయలు, రాజధాని, కోట పోయినా చేతులు పోలేదని పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది. వరుస మార్చవద్దని ఇందుకే చెప్పినాను. సామ్రాజ్యపు సిరి ఒకనాడు, దాని ఓటమి ఒకనాడు, మిగిలినది ఒకనాడు.

మధ్యాహ్నం ధర్మవరం మండలంలోనే ఉన్న నిమ్మలకుంటకు వెళ్ళండి. తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. రామాయణ పాత్రలతోపాటు ఇప్పుడు దీపపు గుమ్మటాలు, గోడ అలంకారాలు కూడా చేస్తున్నారు. లేపాక్షి చిత్రాలలోని నిలువు కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు ఈ తోలుమీద మళ్ళీ కనిపిస్తాయి.

నాలుగవ రోజు దొరికితే

దొరికితే రెండు దారులు. సత్యసాయిబాబా భక్తులకు పుట్టపర్తి దగ్గర. 2000 సంవత్సరంలో తెరిచిన ప్రశాంతి నిలయం రైలుస్టేషను పెనుకొండ–ధర్మవరం మార్గం మీదనే ఉన్నది. చరిత్ర మీద మక్కువ ఉన్నవారు మడకశిర మీదుగా హేమావతికి పోవచ్చును. అది నొళంబుల రాజధాని. విజయనగరం పుట్టకముందే వెలిసి, మలిగిన ఊరు. అక్కడి నల్లరాతి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. దొరకకపోతే బెంగపెట్టుకోకండి. మూడు రోజుల్లో నాలుగు రోజులు కుక్కడం కంటే, ఒకటి మిగుల్చుకోవడం మంచిది. మళ్ళీ రావడానికి అదొక వంక.

అక్టోబరు చివరినుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. వేసవిలో వెళ్ళవద్దు. అనంతపురం సీమ ఎండ చుట్టాలను గౌరవించదు. సామాను తక్కువ, నీళ్ళు ఎక్కువ. వెళ్ళేముందు ఇంట్లో వసుచరిత్ర ఉంటే దుమ్ము దులిపి, అంకితం వరకైనా చదవండి. లేకపోతే గ్రంథాలయంలో దొరుకుతుంది. గగనమహలు ముందు నిలబడినప్పుడు, ఈ పద్యాలు ఎవరి చెవిన పడినవో ఆ మనిషి ఇల్లు ఇదే అని పిల్లలకు చెప్పవచ్చును. తిరుగు ప్రయాణానికి రైలు టిక్కెట్లు మాత్రం ముందే తీసుకోండి. ధర్మవరం జంక్షను పెద్దదే గాని, పండుగలలో అక్కడ బల్లమీద చోటు దొరకడం కూడా కష్టమే.